గుండీలు లేని కాజాలు

నా పేరు ఖాజా. చేసేది కాజాలు.
గుంటూరు లాలాపేటలో ఈ జోకు వెయ్యని టైలరు లేడు.
ముప్పై రెండేళ్లుగా చొక్కాకి ఏడు చొప్పున
ఎన్ని చిల్లులు పెట్టానో
అల్లా దగ్గర లెక్కుంటే ఉండాలి.

కెజియా వచ్చింది మాఘం ఎండల్లో.
మిర్చి యార్డులో తొడిమలు తీసే సలోమి కూతురు,
ఏదో కాలేజీలో బట్టల చదువు చదివింది.
ఫోను నా మిషనుకి ఆనించి
"చూడు మామా" అంది.

చీకటి గది. మధ్యలో తెల్లటి దారి.
సన్నటి పిల్లలు వస్తున్నారు, పోతున్నారు,
ఎవరో అప్పు ఎగ్గొట్టినట్టు ముఖాలు.
అందరూ బట్ట చూస్తారు. నేను కాజాలు వెతికా.

ఒకాయన కోటు కుట్లన్నీ పైకి పెట్టాడు,
దారప్పోగులు వేలాడుతూ, సుద్దగీతలు అట్లాగే.
మా ఉస్తాదైతే నా వీపు మీద గజంబద్ద విరిచేవాడు.
అక్కడ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.
ఒకామె చొక్కాకి ఒక్క చెయ్యే పెట్టింది.
రెండోది మర్చిపోయిందా అంటే
"మర్చిపోలా మామా, ఆలోచించింది" అంది కెజియా.

ఆ రాత్రి నిద్ర పట్టలా.
నా బల్ల దగ్గరికి కొలతలు వచ్చాయి, తొందరలు వచ్చాయి,
బాకీలు వచ్చాయి.
ఆలోచన ఎప్పుడన్నా వచ్చిందా?

నెల తిరిగాక గోనెపట్టా జాకెట్టు పట్టుకొచ్చింది.
టిక్కీల మీది మార్కా, ఎర్ర సిరాలో, భుజం మీద.
లోపల మంగళగిరి నూలు,
నిజాం అంచు ఎవరికీ కనపడకుండా వీపు వెనక.
"పైపట్టాకి నలభై ఒక్క కాజాలు కొట్టాలి."
మరి గుండీలు?
"ఉండవు మామా.
లోపలి అంచు బయటికి చూడాలి."

మిషను సూదులు నాలుగు విరిగాయి.
చేత్తోనే కూర్చున్నా.
ఎన్ని నీళ్లలో ముంచిందో గానీ
ఆ పట్టాలో తేజ మిరప చావలేదు.
మర్చిపోయి కన్ను నలుపుకుంటే
మా బీబీజాన్ కంగారుగా
"ఎవరు పోయారు?" అంది.

యార్డుకి వేసవి సెలవులు. ఖాళీ షెడ్డు.
రెండు ఆటోల హెడ్‌లైట్లు.
కాటా దాకా నడవాలి, ఎక్కాలి, తిరగాలి, రావాలి.
చూడ్డానికి హమాలీలు, వాచ్‌మన్,
దారి తప్పొచ్చినట్టు నిలబడ్డ ఒక కమీషన్ వ్యాపారి.

ముందు సలోమి. యాభై నాలుగేళ్లు.
పక్కన పనిచేసేవాళ్లు ఈలలేశారు. నవ్వలా.
ఆ ఫోనులో పిల్లలు ఎందుకు నవ్వరో అప్పుడు తెలిసింది,
నవ్వితే అడుగు తప్పుతుంది.
కాటా ఎక్కింది. ముల్లు ఊగింది.
వెనక నించి ఒక హమాలీ, అలవాటు కొద్దీ,
"అరవై రెండు!" అని కేకేశాడు.
ఆమె తిరిగింది.
నలభై ఒక్క చిల్లుల్లోంచి జరీ
ఒక్కసారి కళ్లు తెరిచి మూసింది.

ఆ తర్వాత మరియకుమారి, నాగరత్తమ్మ, చిట్టెమ్మ,
గోనె పావడా, గోనె లాగు, నేల ఊడ్చే గోనె కొంగు.
కొంగు లేపిన దుమ్ముకి వాచ్‌మన్ తుమ్మాడు.
ఇక ఆగలా.
షెడ్డు షెడ్డంతా తుమ్ములే,
చేతులన్నీ ముక్కుల దగ్గర,
చప్పట్లు కొట్టడానికి ఎవరికీ తీరిక లేదు.
కెజియా నా పక్కకొచ్చి
"బాగుందంటావా మామా?" అంది.
చెప్పబోయా. తుమ్మొచ్చింది.

మొన్న ఒక పెళ్లికొడుకు చొక్కా వచ్చింది.
ఏడు కొట్టేశా.
దారం తెంపకుండా కూర్చున్నా,
ఎనిమిదోది ఎక్కడ పెడితే బావుంటుందా అని.